జాఫర్ బాయి నల్లబల్ల

"సౌండు గుండీ తిప్పింది నువ్వే. నీ చెయ్యి నేను సూసిన."

"నా చెయ్యెందుకు తిప్పుతది? బ్యాట్రి దిగింది."

"బ్యాట్రి దిగితె ఎర్రలైటు సుత ఆరిపోవాలె గద జీషాన్ అబ్బా. లైటు మంచిగ వెలుగుతనె ఉండె. నేనేమన్న నిన్నగాక మొన్న మైక్ సెట్టాయన ఇంటికి కోడలుగ అచ్చిన్నా?"

"మెల్లగ మాట్లాడు."

"ఎందుకు మెల్లగ? అమ్మీకి తెలుగు రాదు. జీషాన్ ఇంట్ల లేడు. ఇగ ఇనేటోళ్లెవలు?"

ఇనేటోడు మహేందర్. సగం దించిన షట్టరు బయట, చేతుల అణా పైసా లేని మనిషి నిలబడ్డట్టు నిలబడ్డడు. లోపల కొట్లాడుతున్నది కోరుట్ల బస్టాండు ఎనుక గల్లీల మైక్ సెట్లు కిరాయికిచ్చే జాఫర్, ఆయన భార్య మైమూనా బీ. దుకానం ఎనుకనే ఇల్లు, ఆ ఇంట్ల మాట ఉర్దూ. కొట్లాట మాత్రం తెలుగుల నడుస్తది. ఎందుకంటె మైమూనా బీ తల్లి హైదరాబాద్ నుంచి వచ్చి వాళ్ల దగ్గరనే ఉంటున్నది, ఆ ముసలామెకు తెలుగు ముక్క అర్థం కాదు. బిడ్డా అల్లుడూ ఏవో దుకానం లెక్కలు మాట్లాడుకుంటున్నరనుకోని తస్బీ పూసలు తిప్పుకుంట కూసుంటది.

మహేందర్ రెండు పనుల మీద వచ్చిండు. ఎల్లుండి జగిత్యాలల వాళ్ల బృందం ఆట ఉంది, దానికి మైక్ సెట్టు చెప్పాలె. నిన్న పొద్దుగూకంగ సిరిసిల్లల ఆట మధ్యల మైకు ఎందుకు మూగవోయిందో అడుగాలె. రెండోదానికి అడుగకముందే జవాబు దొరికింది.

జాఫర్ అనే పేరుతోటి కోరుట్లల శానమంది ఉన్నరు గని మైక్ సెట్ జాఫర్ అంటె ఒక్కడే. పెండ్లి బరాత్, దర్గా ఉర్సు, వినాయకుని మండపం, ఎలక్షన్ మీటింగు, ఒగ్గుకథ, ఏది జరిగినా అంప్లిఫయరు పక్కన స్టూలు మీద ఆయనే. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క. వేరేటోళ్లు చెవి మీద బీడి పెడితె ఈయన సుద్ద పెడతడు.

ఆ సుద్దతోటే ఆయనకు పేరొచ్చింది, శత్రువులు సుత వచ్చిండ్రు. దుకానం ముంగట గోడకు ఒక నల్లబల్ల ఉంటది. ఏదో ప్రైవేటు బడి మూతవడ్డప్పుడు తెచ్చుకున్నడు. పైన తెల్ల పెయింటుతోటి 'నిన్న విన్నది' అని రాసి ఉంటది. దాని కింద రోజూ పొద్దుగాల రెండు మూడు మాటలు రాస్తడు. మెచ్చుకునుడు తక్కువ. ఎదురుంగ హోటల్ల చాయ్ తాగేటోళ్లు ముందు బల్ల సదివి, తర్వాత పేపర్ సదువుతరు.

ఒకసారి ఒక పెండ్లి బ్యాండు మీద రాసిండు: "క్లారినెట్టాయన పెండ్లికొడుకు కంటె ఎక్కువ సిగ్గువడుకుంట ఊదిండు. అందుకే బాగుంది."

ఒగ్గుకథ మీద: "డోలు కొట్టేటాయన తనకు కథ తెల్వనట్టు విన్నడు. సగం కథ ఆయన మొకంలనే నడిచింది."

ఉర్సుల కవ్వాలి మీద: "తప్పట్లు పాట కంటె ముందు పోయి దాని కోసం నిలవడ్డయి."

పొగ్రాం లేని దినం జగిత్యాల లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం మీద రాసేటోడు. "వాన మీద ఆరు పేజీలు రాసిండు. ఎవ్వలూ తడువలే." ఆ పుస్తకం రాసినాయన ఎవరో, ఎక్కడుంటడో కోరుట్లల ఎవ్వలకూ తెల్వది. అయినా ఆ మాట ఊర్ల సామెత లెక్క తిరిగింది. ఎవరన్న ఎక్కువ మాట్లాడితె "తడుస్తలేం బాయ్" అనుడు అలవాటైంది.

ఆయన తీర్పులన్ని సరైనయేం కావు. మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒక చిన్నదాని పాట మీద "గొంతుల ఇంకా పాలు ఆరలే" అని రాసిండు. ఆ పిల్ల తర్వాత జిల్లా మొత్తం పాడింది. జాఫర్ తప్పు ఒప్పుకోలే. ఒప్పుకునుడు ఆయన ఒంట్ల లేదు. "అప్పుడు ఆరలే, ఇప్పుడు ఆరినయి" అన్నడు.

ఒక్క నియమం మాత్రం గట్టిగ పట్టుకున్నడు. పొగ్రాం మొదలైనంక గుండీ ముట్టడు. మొదలు సరిచేసి, చేతులు ఒళ్లె పెట్టుకోని కూసుంటడు. పాడేటోళ్లు సైగలు చేస్తరు, ఎకో పెంచుమని బతిలాడుతరు. ఎకో అంటె పాటకు పౌడర్ వేసుడని ఆయన లెక్క. "గొంతు ఎట్లుంటె గట్లనే మందిలకు పోవాలె. నేను గుండీ తిప్పితె నేను సుత పాడినట్టె. మరి తెల్లారి ఎవల మీద రాయాలె, నా మీద రాసుకోవాల్నా?" అంటడు.

మహేందర్ ది మల్లాపూర్. తండ్రి కిష్టయ్య కూలి పనికి పోతడు. జగిత్యాలల డిగ్రీల చేరి, రెండో సంవత్సరంల ఇడిసిపెట్టి, కాలు ఒక్కకాడ నిలువక, తెలంగాణ ఉద్యమంల నర్సన్న నడిపే ఆటపాట బృందంల పడ్డడు. పాట అంత రాదు. వేషం మాత్రం వస్తది. నర్సన్న ఆటల అతనిది సదువుకోని నౌకరి దొరుకని పోరగాని వేషం. ఆఖరుకు ఆ పోరడు తెలంగాణ కోసమని పాణం తీసుకుంటడు. పోయే ముందు తల్లితోటి కొంచెంసేపు మాట్లాడుతడు. తర్వాత వాని మీద తెల్లబట్ట కప్పుతరు, నినాదాలు మొదలైతయి, జనం లేచి నిలవడి పిడికిళ్లు ఎత్తుతరు. అక్కడికి ఆట అయిపోతది. ఆ రోజుల్ల నిజంగనే పోరగాండ్లు పోతుండిరి. అటువంటి వార్త లేని పేపర్ తక్కువ. అందుకని ఆట ఏ ఊర్ల ఆడినా జనం ఇరగవడి వచ్చేటోళ్లు.

మొదటిసారి చూసినంక జాఫర్ బల్ల మీద రాసిండు: "పిల్లగాడు చచ్చేదాంక బాగనే బతికిండు."

మహేందర్ అది మెచ్చుకోలు అనుకున్నడు. హోటల్ల అందరికి చాయ్ చెప్పిండు. నర్సన్న వచ్చి, "అరె పిచ్చోడా, సచ్చుడు నీకు చేతగాలేదంటున్నడు" అని చెప్పినంక చాయ్ గొంతుల దిగలే. సక్కగ దుకానంల చొరవడ్డడు.

"చాచా, ఉద్యమం నడుస్తుంటె తప్పులు వడుతవా?"

"ఉద్యమం నడువనీ. నీ గొంతు నడుస్తలేదు."

"జనం ఏడ్సిండ్రు."

"వాళ్లకు ఏడుపు ఇంటికాన్నుంచె అస్తున్నది, నువ్వు ఇచ్చింది గాదు. నువ్వు తల్లితోటి మాట్లాడుతున్నవా, బస్టాండుతోటి మాట్లాడుతున్నవా? రొమ్ము గుద్దుకునుడెందుకు? ఆ పని మాకు ఇడిసిపెట్టు."

"మరెట్ల చెప్పాలె?"

"మీ అమ్మను అన్నం పెట్టుమని ఎట్లడుగుతవ్?"

"ఎట్లడుగుత? పెట్టు అంట."

"గట్ల చెప్పు."

మహేందర్ కోపంతోటే పోయిండు గని మల్యాలల ఆటప్పుడు గట్లనే చెప్పి చూసిండు. ఆఖరి మాటలు గొంతు పెంచకుండ, పీట మీద కూసోని మాట్లాడినట్టు చెప్పిండు. ఈలలు లేవు, చప్పట్లు లేవు. ఎక్కడనో ఒక పిలగాడు దగ్గితె ఇనవడ్డది. అతనికి ఆట చెడిందనే అనిపించింది. తెల్లారి నల్లబల్ల మీద ఉన్నది: "మల్యాలల నిన్న ఎవ్వలూ చప్పట్లు కొట్టలె. తమకు చేతులున్నయని యాదికి రాలే."

మహేందర్ ఆ బల్లను ఫోన్ల ఫోటో తీసుకున్నడు. ఇంటికి పోయి తండ్రికి చూపించిండు. కిష్టయ్య దాన్ని అటిటు తిప్పి చూసి, "ఎవ్వలూ చప్పట్లు కొట్టకుంటె సంబురమేంది బిడ్డా" అన్నడు.

ఇగ సిరిసిల్ల.

సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు బంద్. బొగ్గు గనులు ఆగి కరెంటు ఎప్పుడు ఉంటదో ఎప్పుడు పోతదో తెల్వది. బృందమంత ట్రాలీ ఆటోల పోయిండ్రు. మైమూనా బీ చెల్లె సిరిసిల్లల ఉంటది కాబట్టి ఆమె సుత అదే ట్రాలీల ఎక్కింది, స్పీకర్ డబ్బాలకు ఆనుకోని. కొడుకు జీషాన్ మాత్రం ముందే పోయిండు. ఎవల బండి మీద పోయిండో చెప్పలే.

వాళ్లు దిగేసరికి సిరిసిల్లల కరెంటు లేదు. సాంచాలు ఆగిపోయి ఉన్నయి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటరు, రాత్రింబగళ్లు అయి కొట్టుకునే చప్పుడే ఆ ఊరి చప్పుడు. జాఫర్ వైర్లు గుంజుకుంట, "ఈ ఊర్ల నేను ఎన్ని పొగ్రాములు చేసిన్నో, సాంచాల మీద అరువాలె గని పాడరాదు. ఇయ్యాల సూదివడ్డా ఇనవడ్తది. నీ అదృష్టం" అన్నడు మహేందర్ తోటి. నిజమే అనుకున్నడు మహేందర్. బ్యాట్రి మీద మైకు, పెట్రోమాక్సు వెలుగు, ముంగట మైదానం నిండ నేతోళ్లు. ఇంతకన్న ఏం కావాలె.

తల్లితోటి మాట్లాడే సీను మొదలైంది. రెండు మాటలు చెప్పిండు. మూడో మాటకు అతని గొంతు అతనికే చిన్నగ ఇనవడ్డది. మైకు పోయింది. ఆపుదామా అనుకున్నడు గని ఆపితె ఆట తెగిపోతది, చెప్పుకుంటనె పోయిండు. ముంగట రెండు వరుసలు విన్నయి. ఎనుక నుంచి "ఏమంటున్నడురా?", "ఏమో, అన్నం అంటున్నడు" అనుకునుడు మొదలైంది. ఒకామె పిలగాన్ని సంకనేసుకోని లేచింది. ఆమె ఎంబడి ఇంకొందరు. బట్ట కప్పేసరికి మైదానం ఎనుక సగం ఖాళీ. నినాదం అందుకున్నోళ్లు అందుకున్నరు. నర్సన్న వైర్ల మీద కారాలు మిరియాలు నూరిండు. జాఫర్ మాత్రం చేతులు ఒళ్లె పెట్టుకోని కూసున్నడు.

ఈ పొద్దు మహేందర్ వచ్చేసరికి బల్ల మీద ఏం లేదు. 'నిన్న విన్నది' అనే అక్షరాల కింద నల్లగ, తుడిచిన తడి ఆరినట్టున్నది. ఎదురుంగ హోటల్ల ఒకాయన, "జాఫర్ బాయికి పాణం బాగలేదా?" అని అడుగుతున్నడు.

మహేందర్ షట్టరు పైకి లేపిండు.

మైమూనా బీ అతన్ని చూసి కొంగు సవరించుకున్నది. "ఇన్నవా?" అన్నది.

"ఇన్న చాచీ."

"మంచిగైంది. నేను చెప్పే పని తప్పింది. చాయ్ పెడ్త కూసో." లోపలికి పోయింది.

జాఫర్ ఒక మైకు మూతి గుడ్డతోటి తుడుస్తున్నడు. అప్పటికే మెరుస్తున్నది.

"బ్యాట్రి అని నాకు చెప్పకు చాచా. డిగ్రీ సగంల ఇడిసిన గని గంత తెలివితక్కువోన్ని గాదు."

"చెప్ప."

"నా మీద కోపమా? మంచిగ చెప్తలేనా?"

"మంచిగనే చెప్తున్నవ్. అదే వచ్చింది తిప్పలు." మైకు పక్కన పెట్టిండు. "నీ మాటలు మా ఇంటికి అచ్చినయి బేటా. జీషాన్ మిద్దె మీద కూసోని పొద్దుగూకంగ అయే మాటలు చెప్పుతున్నడు. మొత్తం నోటికొచ్చింది. గొంతు పెంచుతలేడు. అన్నం పెట్టుమన్నట్టు చెప్తున్నడు."

"నచ్చింది, నేర్సుకున్నడు. మా ఊర్ల సుత పోరలు చెప్తరు."

"మొన్న మైమూనాను అడిగిండు. నేను పోతె గంతమంది అస్తరా అని."

 జీషాన్ మహేందర్ కు ఎరుకే. ఇంటర్ తప్పి, మళ్ల కట్టక, ఎవల తోటి కలువక ఉండేటోడు. ప్రతి ఆటకు ముంగటి వరుసల కూసుంటడు. ఆట అయినంక అందరు భుజం తడితె వీడు దూరంగ నిలవడి చూస్తడు. ఒక్కసారి మాత్రం దగ్గరికొచ్చి అడిగిండు: "అన్నా, బట్ట కప్పినంక లోపట ఎట్లుంటది?" మహేందర్ చెమట తుడుచుకుంట, "ఉక్కవోస్తది తమ్మీ, ఇంకెట్లుంటది" అని నవ్విండు. జీషాన్ నవ్వలే. ఆ సంగతి అప్పుడు యాది పెట్టుకునేటంత పెద్దగ అనిపించలే.

"ఇది నాకు చెప్పాలె గద. గుండీ తిప్పుడేంది?"

"చెప్తె ఏమందువు?"

"నీ కొడుకును ఆటకు పంపకు అందును."

"నేను పంపుతున్ననా? తలుపు గొళ్లెం పెడితె మిద్దె దునికి పోయిండు."

మహేందర్ కు పాపం అనిపించింది, దాని ఎనుకనే కోపమొచ్చింది. అతనికి మాట దాచుకునుడు రాదు.

"చాచా, ఒకటి అడుగుత, ఏమనుకోకు. మల్యాలల నువ్వు మెచ్చుకుంటివి. ఆడ ముంగట పోరగాండ్లు కూసోలేరా?"

"కూసున్నరు."

"ఆళ్లు ఎవల కొడుకులో గద. అప్పుడు నీ గుండీ ఎందుకు తిరుగలే? నీ ఇంటికచ్చినంక తిరిగింది."

జాఫర్ మళ్ల ఆ మైకే చేతులకు తీసుకున్నడు. లోపల స్టవ్ చప్పుడు ఇనవడుతున్నది. ముసలామె తస్బీ తిప్పుకుంట, ఈ పిల్లగాడు కిరాయి బేరమాడుతున్నడేమో అన్నట్టు చూస్తున్నది.

"గొంతు సక్కగ చేసుడే సూస్కున్న," అన్నడు ఆఖరుకు. "అది పోయి ఎవల ఇంట్ల కూసుంటదో సూస్కోలే."

"నర్సన్నకు తెలిస్తె ఎల్లుండి నీ సెట్టు వద్దంటడు. ఇగ ఎన్నడూ వద్దంటడు."

"తెలువనీ."

చెవి మీది సుద్ద తీసి బయటికి నడిచిండు. మహేందర్ ఎంబడి పోయి గుమ్మంల నిలవడ్డడు. జాఫర్ బల్ల మీద రాస్తుంటె హోటల్లోళ్లు గ్లాసులు పట్టుకోనే మెడలు సాపిండ్రు. పెద్ద అక్షరాలతోటి రాసిండు:

"సిరిసిల్లల ఆట మంచిగుండె. చెడగొట్టింది మైకు కాదు, మైకాయన."

హోటల్ నుంచి ఒక గొంతు, "ఏం జాఫర్ బాయ్, ఇయ్యాల ఎవ్వలూ దొరుకలేదా, నీ మీద నువ్వే రాసుకున్నవ్?"

"దొరికిండు గద ఒకడు," అన్నడు జాఫర్, చేతులు దులుపుకుంట.

హోటలంత నవ్వింది. మహేందర్ నవ్వలే. మధ్యాహ్నం లోపల నర్సన్న చెవుల పడుతది. మెట్‌పల్లి దాంక పోతది. గుండీ తిప్పేటాయనకు ఎవలు పొగ్రాం ఇస్తరు? ఒప్పుకోమని అతను అడిగింది నిజమే గని గోడ మీద రాయమని అడుగలే.

ఇద్దరు మళ్ల లోపలికొచ్చిండ్రు. మైమూనా బీ చాయ్ తెచ్చి పెట్టి, అక్కడనే స్పీకర్ డబ్బా మీద కూసున్నది. ఈసారి పోలే.

"మా అబ్బాకు మైకులు లేవు," అన్నడు జాఫర్. "పెట్రోమాక్సు లైట్లు కిరాయికిచ్చేటోడు. మల్యాల చుట్టు ఊర్లల్ల భాగోతాలు ఆడితె నన్ను సుత తోల్కవోయేటోడు. ఆటల రాజు సస్తడు, రాజు కొడుకు సస్తడు. గని ఆఖర్ల అందరు లేచి నిలవడి కలిసి మంగళం పాడేటోళ్లు. సచ్చినోళ్లు సుత. మా అబ్బా ఒక్కటే చెప్పేటోడు. సచ్చినోడు లేచేదాంక లైటు దించొద్దు. ఎంత పొద్దువోయినా, గ్యాసునూనె అయిపోతున్నా. పిలగాండ్లు సూస్తున్నరు, సచ్చినోన్ని సచ్చినట్టె ఇడిసి ఇంటికి వోవద్దు అని."

మహేందర్ చాయ్ గ్లాసు కింద పెట్టిండు. ఎటు తిరుగుతున్నదో అతనికి అర్థమైంది.

"మాది భాగోతం గాదు చాచా. ఈడ పోరలు నిజంగ పోతున్నరు. నేను లేస్తె, పోయినోళ్లను ఎక్కిరించినట్టు ఉంటది."

"ఉండొచ్చు."

"జనం నవ్వుతరు."

"నవ్వుతరు."

"నర్సన్న నన్ను బృందంల నుంచి తీసేస్తడు. ఆట చెడుతది."

"చెడుతది. తెల్లారి బల్ల మీద చెడిందనే రాస్త. నీ మొకం సూసి అబద్ధం రాయ."

"మరి తెలిసి తెలిసి ఎందుకు అడుగుతున్నవ్?"

జాఫర్ ఆ మాటకు జవాబు ఎతుక్కున్నడు. దొరుకలే. రోజూ పొద్దుగాల రెండు మాటలల్ల ఎవలనైనా తూచేటాయనకు మాట దొరుకకపోవుడు మహేందర్ ఎన్నడూ చూడలే. మైమూనా బీ మొగుని దిక్కు చూడలే, మహేందర్ దిక్కే చూస్తున్నది.

"నర్సన్న వద్దన్నా సెట్టు జగిత్యాలకు నేనే తెస్త," అన్నడు జాఫర్. "గుండీ ముట్ట. నీ మాట ఒక్కటి సుత తగ్గియ్యకు, నేను చెప్పినట్టె మెల్లగనే చెప్పు. బట్ట కప్పనీ, నినాదాలు మొదలుకానీ. అవి నడుస్తుండంగనే నీ చేతితోటి నువ్వే బట్ట తీసి లేచి కూసో. జీషాన్ ముంగటనే ఉంటడు. వాన్ని పేరు వెట్టి పిలువు. పిలిచి, మంచినీళ్లు తెమ్మని అడుగు."